ఎదురింటి రంగు పూసిన కోడిపిల్లలు

కోళ్ళ విషయంలో మా అత్త ఈ లోకంలో ఎవరినీ నమ్మేది కాదు. వంటిల్లు నాకు అప్పగించడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. కొర్రల గాదె తాళంచెవి ఇవ్వడానికి ఆరు నెలలు. కోళ్ళగూటికి అడ్డం పెట్టే బండరాయిని మాత్రం ఏడాది కావస్తున్నా ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే ఆ రాయి ఆమే తీయాలి, పొద్దుగూకితే ఆమే పెట్టాలి. నేనేమో కర్నూలు పడమటి పల్లెలో కోళ్ళ మధ్య పెరిగినదాన్ని. నోరు మూసుకొని ఉండే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒకరోజు అనేశాను.

"మా ఇంట్లో ఇరవై కోళ్ళుండె అత్తా. నాకు తెలీదా కోళ్ళ సంగతి?"

"అవి వట్టి కోళ్ళు. ఇది మా అమ్మ కోడి" అంది ఆమె, గూట్లోకి వంగి చూస్తూనే.

ఇది యాభైల నాటి మాట. వేంపల్లెకు రెండు క్రోసుల దూరంలో మా అత్తవారి ఊరు. మట్టి మిద్దె, ముందు కడప బండలు పరిచిన పంచ, పక్కన చిన్న దొడ్డి. మా అత్త పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక పెట్టను గంపలో పెట్టి పంపిందట. అప్పటినుంచి ముప్పై ఏళ్ళుగా దాని పిల్లలు, పిల్లల పిల్లలు మా దొడ్లో తిరుగుతూ వచ్చాయి. నేను కాపురానికి రాకముందు ఎండాకాలంలో తెగులు తగిలి ఊళ్ళో చాలా గూళ్ళు ఖాళీ అయిపోయాయి. మా గూట్లో ఆ వంశానికి చెందిన పెట్ట ఒక్కటే మిగిలింది. దానికి తోడుగా సంతలో కొన్న నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉండేవి గానీ అత్త వాటిని లెక్కలోకే తీసుకునేది కాదు. వాళ్ళమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. పుట్టింటి చీరలు చినిగిపోయాయి, పుట్టింటి బిందె చిల్లిపడింది, ప్రాణంతో మిగిలింది ఈ పెట్టే. ఈ సంగతి ఆమె నోటితో ఎప్పుడూ చెప్పలేదు, మా ఆయన చెప్పాడు.

కార్తీకంలో రాయచోటిలో ఉన్న మా ఆడబిడ్డకు నెలలు నిండాయి. అత్త పోక తప్పదు. సరిగ్గా అప్పుడే ఆ పెట్ట పొదుగుకు వచ్చింది. అత్త ముఖం చూసి నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. బయలుదేరడానికి మూడు రోజుల ముందు పాత గంపలో ఇసుక పోసి, మీద గడ్డి పరిచి, పదకొండు గుడ్లు పెట్టి, ఉరుముకు చెడిపోకుండా మధ్యలో ఒక బొగ్గుముక్క ఉంచి, పెట్టను కూర్చోబెట్టింది. బండెక్కాక కూడా రెండుసార్లు దిగివచ్చి చూసింది.

"చూడు మే, ఊరికే దాన్ని కదిలించొద్దు. దినానికొకతూరి అదే లేచ్చాది. గింజలు, నీళ్ళు పెట్టు. నేను వచ్చేసరికి నా కోడి, నా పిల్లలు ఉండాల."

"ఉంటాయి లే అత్తా."

"ఉంటాయి లే అని నువ్వంటాండావు. ఉండాల అని నేనంటాండా."

ఇంకో మాట కూడా చెప్పింది. ఎదురింటి గడప తొక్కొద్దని. ఎదురింట్లో ఉండేది మా మామ అన్న భార్య, నాకు వరసకు పెద్దత్త. భర్త పోయి ఒంటరిగా ఉండేది. రెండిళ్ళ మధ్య బండి పట్టేంత సందు, అంతే. అయినా ఈ ఇద్దరికీ ఐదేళ్ళుగా మాటల్లేవు. ఎందుకని అడిగితే మా ఆయన "ఆడోళ్ళ సంగతి, నాకేం తెలుసు" అని తప్పించుకునేవాడు. నేను పెళ్ళయి వచ్చిన రోజు కూడా పెద్దత్త తన గుమ్మంలో నిలబడి నన్ను చూసిందే తప్ప దగ్గరికి రాలేదు.

అత్త పోయిన పద్దెనిమిది రోజులకు తొమ్మిది పిల్లలు లేచాయి. రెండు గుడ్లు మురిగిపోయాయి. అంత గర్వం నాకు నా పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు, అప్పుడు నొప్పుల గోలతోనే సరిపోయింది. నున్నటి కడప బండల మీద కాళ్ళు జారి చతికిలబడి, లేచి, మళ్ళీ జారేవి. నేను పని మానేసి వాటి ముందు కూర్చునేదాన్ని. కొర్ర నూకలు చల్లేదాన్ని. పాత కుండలో పేడ, తడిపిన చొప్ప కుక్కి పుట్ట పక్కన బోర్లిస్తే మర్నాటికి లోపల చెదలు కుప్పగా చేరతాయి. ఆ కుండ తెచ్చి పిల్లల ముందు దులిపితే అవి చూపే హడావుడి చూడాలి. పెళ్ళిపందిట్లో రెండో బంతికి కూర్చునేవాళ్ళు నయం.

ఐదో రోజు పొద్దున పెట్ట పిల్లలతో దిబ్బ మీదికి పోయింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఒక్క అరుపు వినిపించింది. చీపురు పట్టుకొని పరుగెత్తేసరికి అడవిపిల్లి వెనకభాగం మాత్రం కంపచెట్ల మధ్య కనిపించింది. దిబ్బ మీద ఈకలు. పిల్లలు తొమ్మిదీ కంప కింద దూరి కిక్కురుమనకుండా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కొంగులో వేసుకున్నాను. అక్కడే కూర్చొని ఏడ్చాను. పెట్ట కోసం కొంత, అత్త కోసం కొంత, నాకు పడబోయే తిట్ల కోసం కొంత.

ఆ సాయంత్రం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గూట్లో నాలుగు పెట్టలున్నాయి కదా, ఏదో ఒకటి రెక్క కింద పెట్టుకోకపోతుందా అని తొమ్మిదింటినీ అందులో వదిలి రాయి పెట్టేశాను. తెల్లారి తీసి చూస్తే ఎనిమిది మూలకు నక్కి ఉన్నాయి. ఒకటి తల చితికి పడి ఉంది. పిల్లల తల్లి కాని కోడికి ఎవరి పిల్లలైనా శత్రువులే. ఇరవై కోళ్ళ మధ్య పెరిగానని గొప్పలు పోయినదాన్ని, అంతమాత్రం జ్ఞానం లేకపోయింది.

ఆ తర్వాత బుద్ధి వచ్చింది. వెడల్పాటి గంపను దొడ్డి మధ్యలో బోర్లించి, ఎగిరిపోకుండా మీద రాయి పెట్టి, పిల్లల్ని దాని కింద ఉంచాను. గంప సందుల్లోంచి అవి పెద్ద కోళ్ళను చూస్తాయి, పెద్ద కోళ్ళు వాటిని చూస్తాయి, ముక్కు మాత్రం తగలదు. పది రోజులు ఒకరినొకరు చూసుకుంటే కాస్త అలవాటు పడతాయని మా అమ్మ చెప్పేది. పొద్దుగూకితే గంపతో సహా ఇంట్లోకి తెచ్చి, పాత కంబళి ముక్క కప్పి, నా మంచం పక్కన పెట్టుకునేదాన్ని. మా ఆయన కాళ్ళు ముడుచుకొని పడుకునేవాడు. "మీ అమ్మ కోళ్ళే కదా" అంటే నోరెత్తేవాడు కాదు.

నాలుగో రోజుకు గంప కింద ఉండలేక అవి గోల పెట్టాయి. బయటికి వదిలితే గద్ద భయం. మా పుట్టింటి వైపు కోడిపిల్లలకు గులాబి రంగు పూస్తారు. ఆ రంగు చూస్తే గద్దకు అదేమిటో అర్థంకాక వెనక్కి పోతుందట. గద్ద నాతో చెప్పలేదు, మా అమ్మ చెప్పింది. మా ఆయన వేంపల్లె సంతకు పోతుంటే ఒక పొట్లం గులాబి రంగు తెమ్మన్నాను. దేనికని అడగకుండానే తెచ్చాడు. చిప్పలో రంగు కలిపి ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా ముంచి తీసి ఎండలో ఆరబెట్టాను. నా చేతులు, చీర, దొడ్డి గోడ అన్నీ గులాబి. పిల్లలు మాత్రం అప్పుడే పూసిన పూల్లాగా ఉన్నాయి. గంప ఎత్తి, వీధి తలుపు తీసి, ఆడుకోండని వదిలాను.

ఎదురింటి కోడి కూడా పిల్లల్ని లేపిందని నాకు తెలియదు. అంతవరకూ అది వాళ్ళ పెరట్లోనే తిరిగిందేమో, సరిగ్గా ఆ రోజే వీధిలోకి వచ్చింది. దాని వెనక ఏడు పిల్లలు. ఏడూ గులాబి రంగు! తల్లి లేని నా ఎనిమిదింటికి ఆ 'కొక్ కొక్' పిలుపు చెవిన పడగానే ఇంకేం కావాలి? సందు దాటి ఒకటే పరుగు. ఆ కోడి తల తిప్పి చూసింది. అన్నీ ఒకే రంగు. ఒక్కదాన్నీ పొడవలేదు. పదిహేనింటినీ వెంటబెట్టుకొని దర్జాగా వాళ్ళ గుమ్మం లోపలికి పోయింది.

నేను మా గడప మీద నిలబడిపోయాను. వాళ్ళ గడప తొక్కకూడదు. తొక్కినా, ఏది నాదో ఎలా చెప్పను?

సాయంత్రం మా ఆయన వచ్చి, జరిగింది విని, నవ్వి నవ్వి పొలమారి దగ్గాడు.

"గులాబి వాళ్ళది మే! మనది పసుపు. పిల్లలు కలిసిపోకుండా ఊళ్ళో ఇంటికొక రంగు ఉండాది."

"నాకెవరు చెప్పినారు? నేను వచ్చినప్పటినుంచి ఈ ఇంట్లో ఒక్క పిల్లన్నా లేచిందా?"

"నువ్వు అడిగితివా?"

"రంగు తెచ్చింది నువ్వు కదా! అప్పుడన్నా అనుకోకపోతివా?"

"నీ చీరకేమో అనుకుంటి."

నవ్వు అయిపోయాక అతనికీ భయం పట్టుకుంది. వాళ్ళమ్మకు ఎవరు చెప్పాలన్న మాట రాగానే చేన్లో పనుందని పోయాడు. ఆ చీకట్లో చేన్లో ఏం పనో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ తర్వాత రెండు వారాలు నా బతుకంతా తలుపు సందే. పొద్దున్నే అక్కడ నిలబడి పదిహేనూ ఉన్నాయా అని ఎంచేదాన్ని. ఒక ఉపాయం తోచింది. చెదల కుండ తెచ్చి మా గడప ముందు దులిపాను. నావి రుచి మరిగినవి కదా, వస్తాయి, పట్టుకుందామని. వచ్చాయి, పదిహేనూ వచ్చాయి, వెనకే ఆ కోడీ వచ్చింది. నేను చెయ్యి చాపితే అది రెక్కలు విప్పి నా మీదికి దూకింది. చెదలన్నీ తిని వెళ్ళిపోయాయి. రోజూ ఇదే తంతు. నేను పడి పడి చెదలు పట్టడం, శత్రువుల పిల్లలతో కలిపి మేపడం. పెద్దత్త గుమ్మంలో నిలబడి ఇదంతా చూసేది, ఒక్క మాట అనేది కాదు. మూడో రోజునుంచి ఆమె కూడా తన గడప ముందు గింజలు చల్లడం మొదలుపెట్టింది, నాకంటే ఎక్కువగా. ఆ పిల్లలంత సుఖంగా బతికిన కోడిపిల్లలు ఆ చుట్టుపక్కల లేవు.

నెలన్నర తిరగకముందే అత్త వచ్చేసింది. మనవడు పుట్టాడని, బొద్దుగా ఉన్నాడని సగం సంతోషం బండి దిగుతూనే చెప్పింది. మిగతా సగం చెప్పకముందే దొడ్లోకి పోయింది.

"యాడ నా కోడి?"

చెప్పాను. ఏమీ దాచలేదు. అడవిపిల్లి, గూట్లో చచ్చిన పిల్ల, గులాబి రంగు, అన్నీ. తిడుతుందని చూస్తున్నాను. తిట్టలేదు. పంచలో బండ మీద కూర్చుంది. "మా అమ్మ కోడి పోయిందా" అంది మెల్లగా. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదలు. తిట్టినా ఎంతో బాగుండేది అనిపించింది. ఆమె కాళ్ళు పట్టుకోబోయాను.

"ఏడ్చద్దు మే. నేనున్నా పిల్లి రాకుండా ఉంటాదా? పిల్లలన్నా ఉండాయి కదా. పద."

"యాడికి అత్తా?"

"యాడికేంది? ఎదురింటికి."

ఐదేళ్ళుగా దాటని సందు ఆమె నాలుగు అంగల్లో దాటింది. నేను వెనకే గంప పట్టుకొని నడిచాను. పెద్దత్త వాకిట్లో చాట చేత్తో పట్టుకొని నిలబడి ఉంది. కోడి, పిల్లలు ఆమె కాళ్ళ దగ్గరే మేస్తున్నాయి.

"ఏంటికొచ్చినావు?" అంది పెద్దత్త.

"నా పిల్లలు నీ కోడి కింద ఉండాయంట."

"రంగు నాది."

"రంగు నీదైతే కాళ్ళు నావి" అని మా అత్త కిందికి వంగి ఒక పిల్లను పట్టి తిప్పి నాకు చూపించింది. వెనక వేలు ఉండాల్సిన చోట రెండు వేళ్ళున్నాయి. "అన్ని కోళ్ళకు నాలుగు, మా అమ్మ కోళ్ళకు అయిదు వేళ్ళు. ఇన్ని దినాలు సాకితివే, ఇది చూసుకోకపోతివా?"

చూసుకోలేదు. రోజూ చేతుల్లోకి తీసుకున్న పిల్లలే, కాళ్ళ కేసి చూస్తే ఒట్టు. సిగ్గుతో తల దించుకున్నాను.

నేనూ, మా అత్తా పిల్లల్ని ఒక్కొక్కటే పట్టి కాళ్ళు చూడసాగాము. అయిదు వేళ్ళున్నది గంప కింద, లేనిది బయట. పెద్దత్త అడ్డు చెప్పలేదు, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది. నేను పైకే ఎంచుతున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. అయిపోయిందనుకున్నాను. తొమ్మిదోదానికీ అయిదు వేళ్ళే. పదోదానికీ అంతే. పన్నెండు పిల్లలు గంప కిందికి చేరాయి.

"అత్తా, మనవి ఎనిమిదే కదా?"

 రెక్కలు విప్పి అరుస్తున్న ఆ కోడిని అత్త చటుక్కున పట్టుకొని కాలు తిప్పి చూసింది. అయిదు వేళ్ళు.

 పెద్దత్త చాట కింద పెట్టేసింది.

"అవును, తీసినా. ఆ పొద్దు నీ కోడి నా గడ్డివామిలో గుడ్లు పెట్టినప్పుడు నేనే తీసి పొదిగేసినా. నువ్వొచ్చి అడిగితే చూడలేదంటి. ఒకతూరి లేదన్నాక మళ్ళా అవునని ఎట్ల చెప్పేది? ఐదేండ్లాయ. ఇప్పుడు ఏం చేస్తావో చెయ్యి."

ఐదేళ్ళ పగకు కారణం నేను అప్పుడు విన్నాను.  వీళ్ళిద్దరూ జుట్లు పట్టుకుంటే నేను ఎవరిని విడదీయాలి? మా అత్త కోడిని ఒళ్ళో పెట్టుకొని నేలమీదే కూలబడింది. దాని మెడ నిమిరింది.

"దొంగముండా" అంది పెద్దత్తను చూసి. అని, నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నువ్వు తీయకుంటే తెగులుకు, పిల్లికి అన్నీ పోయుండేవి కదక్కా. ఈ పొద్దు తల్లి లేని నా పిల్లలను యా కోడి రెక్క కింద పెట్టుకునేది?"

పెద్దత్త ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఐదేళ్ళకు సరిపడా తిట్టుకున్నారు, ఐదేళ్ళకు సరిపడా మాట్లాడుకున్నారు. గంప కింద పన్నెండు పిల్లలు కీచుకీచుమంటుంటే నేను మెల్లగా గంప ఎత్తి వాటిని తల్లి దగ్గరికి వదిలేశాను.

ఇక వాటిని మా గూట్లో ఎలా కలపాలన్నది మిగిలింది. పిల్లల్ని విడిగా తెస్తే ఆ నాలుగు సంత పెట్టలూ మళ్ళీ పొడుస్తాయి. తల్లిని వదిలి అవి ఉండవు కూడా. అందుకని పొద్దుగూకేవేళ కోడిని, పదిహేను పిల్లల్ని కలిపి గంపలో తెచ్చి మా గూట్లోనే ఒక మూల పెట్టారు. తెల్లారి రాయి తీసేసరికి వీధిలో జనం పోగయ్యేంత గోల. ఒక పెట్ట పిల్ల మీదికి ముక్కు చాపిందో లేదో ఆ కోడి దాన్ని గూట్లోంచి దొడ్లోకి, దొడ్లోంచి మిద్దె మీదికి తరిమింది. మిగతా మూడూ మర్యాదగా పక్కకు జరిగాయి. మూడో రోజుకు పిల్లలు పెద్ద కోళ్ళ మధ్యలోంచే దూరి గింజలు ఏరుకుంటున్నాయి. పెద్దత్త పొద్దున్నే వచ్చి మా పంచలో కూర్చునేది. "నా కోడి, నేను చూసుకోవద్దా?" అనేది. మా అత్త ఆమెకు సంగటిముద్ద పెట్టేది. ఆ రోజుల్లో నేను పొయ్యి ఊదుతూ కూడా పాడుకునేదాన్ని. నా వల్ల అంతా పాడు కాలేదన్న సంతోషం అలాంటిది.

పిల్లలు కాస్త పెద్దవయ్యాక ఎవరివి వాళ్ళు తీసుకోవాలనీ, కోడిని ఎదురింటికి పంపేయాలనీ ఒప్పందం. చలి పోయి ఎండలు ముదిరాయి. గులాబి ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. కోడి తన పిల్లల్ని తనే పొడిచి దూరంగా తరుముతోంది, మళ్ళీ గుడ్లకు వచ్చింది. ఒక సాయంత్రం పెద్దత్త గంప చంకన పెట్టుకొని వచ్చి నిలబడింది.

"ఇంగ నా కోడిని తీసకపోతా. శానా దినాలాయ."

మా అత్త దొడ్లోకి ఒకసారి చూసింది.

"పిల్లలు ఇంకా చిన్నవి లే అక్కా. ఇంగ పది దినాలు ఉండనీ."

అప్పుడే ఆ 'పిల్లల్లో' ఒకటి దొడ్డి గోడ మీదికి ఎగిరి, మెడ సాచి, ఊరంతా వినపడేట్టు కూత పెట్టింది. పెద్దత్త దాన్ని పైకీ కిందికీ చూసింది. మా అత్త ముఖం చూసింది.

"అవునవును. శానా చిన్నవి" అని గంప పక్కన పెట్టి కూర్చుంది.

నవ్వు ఆపుకోలేక నేను మజ్జిగ కలపడానికి లోపలికి పరుగెత్తాను.